అంగస్తంభన లోపము: ఖతార్ ప్రవాసుల స్థితినిబట్టి ఒక సమీక్ష

ఖతార్ దేశపు జనసంఖ్యను పరిశీలించువారికి మొట్టమొదట కంటబడు విశేషము పురుషుల ఆధిక్యము. 2020వ సంవత్సరపు జనగణన ప్రకారము 28 లక్షలకు పైబడిన ఆ జనములో నలుగురికి దాదాపు ముగ్గురు పురుషులే. వారిలో అత్యధికులు జీవనోపాధికై వచ్చిన పరదేశీయులు. ఆ పరదేశీయులలో జగిత్యాల, కరీంనగరము, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండియు, రాయచోటి, రాజంపేట సీమలనుండియు, కోనసీమ గ్రామములనుండియు తరలివచ్చిన తెలుగువారు గణనీయముగా నున్నారు. వీరిలో పెక్కుమందికి స్వగ్రామమున భార్యాబిడ్డలు కలరు. కాని కుటుంబ వీసాకు కావలసిన జీతము వారికి అందదు. కుటుంబములు నివసించు పేటలలో కార్మికులు బసచేయరాదని 2010వ సంవత్సరపు 15వ చట్టము శాసించుచున్నది. అందుచేత పదియేండ్ల సంసారము గలవాడుకూడ అచ్చట బ్యాచిలర్ల లెక్కలోనే చేరి, సనాయ్యా యనబడు ఇండస్ట్రియల్ ఏరియాలోనో అల్ ఖోర్‌లోనో ఒక క్యాంపు గదిలో, అంతస్తుల మంచములమీద, మరికొందరితో కలిసి సంవత్సరములు గడుపుచున్నాడు.

ఇట్టి జీవితమున పురుషునికి ప్రాప్తించు వ్యాధులలో చెప్పుకొనుటకు మిక్కిలి కష్టమైనది అంగస్తంభన లోపము. నడుమునొప్పి వచ్చినచో పక్క మంచమువానికి చెప్పుకొనును. షుగరు వచ్చినదని తెలిసినచో ఇంటికి ఫోను చేసి చెప్పును. ఈ ఒక్క సంగతి మాత్రము భార్యకును చెప్పడు, వైద్యునికిని చెప్పడు. చెప్పకపోవుటవలన కలుగు నష్టము దాంపత్యసుఖమునకు మాత్రమే పరిమితమైనచో ఈ వ్యాసమునకు ఇంత ఆవశ్యకత యుండెడిది కాదు. అనేక సందర్భములలో ఈ లోపము గుండెకును రక్తనాళములకును రానున్న ప్రమాదమును ముందుగా తెలుపు సూచన. దానిని దాచుకొన్నవాడు తన ప్రాణమునకు సంబంధించిన వార్తనే దాచుకొన్నవాడగుచున్నాడు. నేనీ సమీక్షలో ముఖ్యముగా నిరూపింపదలచిన విషయ మిదియే.

మొదట వ్యాధి యేదో, ఏది కాదో తేల్చుకొనవలెను. అలసటచేతనో, నిద్రలేమిచేతనో, మనస్సు కలతపడుటచేతనో ఎప్పుడైన ఒకసారి స్తంభనము కలుగకపోవుట ఆరోగ్యవంతులకును సహజమే. సంభోగమునకు చాలినంత స్తంభనము కలుగకుండుటయో, కలిగినను నిలువకుండుటయో కనీసము మూడు మాసములపాటు తరచుగా జరుగుచున్నప్పుడే వైద్యులు దానిని వ్యాధిగా పరిగణింతురు. శీఘ్రస్ఖలనము వేరు, కోరిక తగ్గుట వేరు, సంతానలేమి వేరు. మన జనసామాన్యము వీటినన్నింటిని కలిపి ‘నరాల బలహీనత’ అని ఒక్క పేరు పెట్టుటవలన చికిత్స మొదటి అడుగులోనే దారి తప్పుచున్నది.

ఈ విషయమును గూర్చిన విచారణ మనదేశమున నేటిది కాదు. చరకసంహితలోని చికిత్సాస్థానము క్లైబ్యమునకు, అనగా నపుంసకత్వమునకు, బీజదోషము, ధ్వజదోషము, వార్ధక్యము, శుక్రక్షయము అను నాలుగు హేతువులను చెప్పినది. సుశ్రుతసంహిత మనస్సు గాయపడుటచే కలుగు క్లైబ్యమును అన్నింటికంటె ముందు పేర్కొన్నది. అరబ్బు వైద్యమునకు మకుటాయమానమైన ఇబ్న్ సీనా ‘కానూన్’ గ్రంథమునను పురుషశక్తిని గూర్చిన చర్చ కలదు. ఏ గ్రంథకర్తయు దీనిని పాపఫలమని చెప్పి విడిచిపెట్టలేదు. కారణమును వెదకినారు, వైద్యము చెప్పినారు. నేడు ఈ మాట పలుకుటకే మనము సంకోచించుచున్నాము.

ఇరువదవ శతాబ్దమున పాశ్చాత్య వైద్యము చిరకాలము ఈ లోపమును మనోవ్యాధిగనే చూచినది. 1970వ సంవత్సరమున మాస్టర్స్, జాన్సన్ అను అమెరికా పరిశోధకులు ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథముకూడ మనఃకారణములకే ప్రాధాన్య మొసగినది. 1982లో ఫ్రాన్సున రోనాల్డ్ విరాగ్, 1983లో ఇంగ్లండు వైద్యుడు గైల్స్ బ్రిండ్లీ తమ పరిశోధనఫలితములను బయటపెట్టినప్పుడు ఈ అభిప్రాయము తలక్రిందులైనది. రక్తనాళములను సడలించు మందును నేరుగా అంగములోనికి ఎక్కించినచో, మనస్సులో కోరికతో నిమిత్తము లేకుండగనే స్తంభనము కలుగునని వారు చూపిరి. అనగా ఇది ప్రధానముగా రక్తప్రవాహమునకు సంబంధించిన క్రియ యని స్పష్టమైనది. ఆ పిమ్మట రక్తనాళములను సడలించుటకు దేహము తానే పుట్టించుకొను సంకేతము నైట్రిక్ ఆక్సైడు అను వాయువని తేలినది. దానిని గుర్తించిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురికి 1998లో నోబెల్ బహుమానము లభించినది. ఆ సంవత్సరము మార్చి మాసముననే, గుండెనొప్పికై ఇంగ్లండులోని శాండ్‌విచ్ పట్టణమున ఫైజర్ సంస్థ రూపొందించి, పరీక్షలలో వేరొక ప్రయోజనమును గమనించిన సిల్డెనఫిల్, వయాగ్రా అను పేరుతో అమెరికాలో అనుమతి పొందినది.

కోరిక కలిగినప్పుడు మెదడునుండి నరముల ద్వారా సంకేతము పోవును. అంగములోని రక్తనాళముల గోడలు నైట్రిక్ ఆక్సైడును విడుదల చేయును. కండరము సడలి, రక్తము నిండి, వెనుకకు పోవు సిరలు నొక్కుకొనిపోయి రక్తము లోపలనే నిలుచును. ఈ వరుసలో ఎచ్చట విఘ్నము కలిగినను ఫలిత మొక్కటే. అన్నింటికంటె తరచుగా చెడునది రక్తనాళము. అంగమునకు రక్తమునిచ్చు ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తమునిచ్చు ధమని వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. కాలువలలో పూడిక చేరినప్పుడు నీరందక మొదట ఎండునది పిల్లకాలువ క్రింది మడియే. పెద్దకాలువ పారుదల తగ్గినట్లు తెలియుటకు మరికొంత కాలము పట్టును. అట్లే కొవ్వు పేరుకొనుట శరీరమంతట ఒక్కసారిగ జరుగుచున్నను దాని ఫలము ముందుగా కనబడునది ఇచ్చటనే. గుండెజబ్బు బయటపడుటకు రెండు మొదలు ఐదు సంవత్సరములు ముందుగనే అనేకులలో స్తంభనలోపము కానవచ్చుచున్నదని హృద్రోగ నిపుణులు చెప్పుచున్నారు. నలువది యేండ్ల డ్రైవరొకడు ఈ లోపముతో వైద్యుని యొద్దకు పోయి, రక్తపోటు, చక్కెర, కొవ్వు పరీక్షలు చేయించుకొని, మందు మొదలుపెట్టినచో అతడు కాపాడుకొన్నది తన గుండెను.

ఇక ఖతార్ దేశపు స్థితి. 2012లో ఆ దేశ ప్రభుత్వము జరిపిన ఆరోగ్యసర్వేలో ఖతారీ వయోజనులలో 16.7 శాతము మందికి మధుమేహము, 41.4 శాతము మందికి స్థూలకాయము ఉన్నట్లు తేలినది. మధుమేహము రక్తనాళములను చెరచును, నరములను చెరచును, పురుషహార్మోనును తగ్గించును. ఒకే వ్యాధి మూడు మార్గములలో ఈ లోపమును తెచ్చును. మధుమేహము గల పురుషులలో సుమారు సగముమంది దీనికి లోనగుదురనియు, ఇతరులకంటె పది పదునైదు సంవత్సరములు ముందుగా లోనగుదురనియు వైద్యలోకము చిరకాలముగా నెరుగును. రక్తపోటు సంగతియు ఇట్టిదే. ఖతారీ పురుషులపై జరిపి 2007లో ప్రకటించిన ఒక పరిశీలనలో రక్తపోటు గలవారిలో దాదాపు మూడింట రెండువంతుల మందికి ఏదో యొక స్థాయిలో ఈ లోపము కనబడినది. పోల్చి చూచుటకు, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున నలువది, డెబ్బది యేండ్ల నడిమి వయస్సు పురుషులపై జరిగి 1994లో వెలువడిన పరిశోధన 52 శాతము మందిలో హెచ్చుతగ్గులుగ ఈ లోపమున్నదని చెప్పినది. ఇంత విస్తృతమైన వ్యాధిని తనకొక్కనికే వచ్చిన శాపముగ భావించి కుములుట ఎంత అనవసరమో చెప్పనక్కరలేదు.

మన తెలుగువాడు ఆ దేశమునకు పోవునప్పటికే మధుమేహమునకు అనువైన దేహముతో పోవుచున్నాడు. దక్షిణాసియా ప్రజలకు ఇతరులకంటె చిన్నవయస్సుననే, తక్కువ బరువులోనే ఈ వ్యాధి వచ్చుట సుప్రసిద్ధము. దానికి అచ్చటి దినచర్య తోడగును. ఉదయము నాలుగింటికి లేచుట, బస్సులో పోవుట, ఎండలో పని, మధ్యాహ్నము మూతగిన్నెలో తెచ్చుకొన్న అన్నము, సాయంకాలము ఖుబూసు రొట్టె, రోజునకు నాలుగైదు మార్లు చిక్కటి పాలు, మిక్కుటమైన పంచదారతో కరక్ చాయ్, నడుమ నడుమ సిగరెట్టు. జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 గంటలనుండి 3.30 వరకు ఆరుబయట పనిని నిషేధించుచు 2021లో చేసిన ఉత్తర్వు మేలైనదే; కాని డ్రైవరు, సెక్యూరిటీ గార్డు, కంట్రోలు రూములో రాత్రిషిఫ్టు చేయువాడు కూర్చున్నచోటనే పండ్రెండు గంటలు గడుపువారు. వారికి ముప్పు ఎండవలన గాదు, కదలికలేమివలనను, నిద్రలేమివలనను కలుగుచున్నది. గట్టిగా గురకపెట్టుచు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడు జబ్బుకూడ స్తంభనలోపమునకు కారణమగునను సంగతి బహుకొద్దిమందికే తెలియును.

మందులవలన కలుగు లోపమును గూర్చి కొంత హెచ్చుగా చెప్పవలసియున్నది. రక్తపోటునకు వాడు కొన్ని పాతరకపు మాత్రలు, మనోవ్యాకులతకు వాడు కొన్ని మాత్రలు, జుట్టు రాలకుండుటకు వాడు ఫినాస్టరైడ్ కొందరిలో ఈ లోపమును కలిగించును. ఇట్టిది అనుమానమైనప్పుడు మాత్రను తనంత తాను మానివేయుట ప్రమాదకరము; వైద్యునికి చెప్పినచో బదులు మందు దొరకును. ఇంతకంటె భయంకరమైనది ట్రమడాల్. నడుమునొప్పికని మన ఊరి మందులదుకాణములో కొని సంచిలో వేసికొనిపోవు ఈ నొప్పిమాత్ర, దీర్ఘకాలము వాడినవానిలో పురుషహార్మోనును అణచివేయును. పైగా అది ఖతార్ చట్టము ప్రకారము నిషిద్ధ ఔషధము. ట్రమడాల్, ఆల్ప్రజోలమ్, కోడీన్ వంటివి తేవలదని దోహాలోని భారత రాయబార కార్యాలయము ప్రయాణికులను హెచ్చరించుచునే యున్నది. ఒక్క మాత్రపట్టీ శరీరమును చెరుపుట, విమానాశ్రయమునుండియే చెరసాలకు పంపుట, రెండును చేయగలదు. వ్యాయామశాలలలో కండలు పెరుగుటకని పొడిపించుకొను టెస్టోస్టిరోన్ సూదులును ఇట్టివే. అవి వీర్యోత్పత్తిని ఆపివేయును. సంతానముకొరకు సెలవుపై ఇంటికి పోవు యువకునికి ఇంతకంటె విపరీతమైన పని వేరొకటి లేదు.

మనఃకారణములు తక్కువవి కావు. కాని వాటిని సరియైన స్థానమున నిలుపవలెను. రెండు సంవత్సరముల కొకసారి నలువది, అరువది దినముల సెలవు. ఆ దినములలో ఇంటి కప్పు వేయించవలెను, అప్పు తీర్చవలెను, చెల్లెలి పెండ్లిమాట తేల్చవలెను. వీటన్నిటితోపాటు భర్తగా నిలువవలెను. దిగినరాత్రి ప్రయాణపు బడలిక, బంధువుల రద్దీ, రెండేండ్ల ఎడబాటువలన భార్యాభర్తల నడుమ ఏర్పడిన బిడియము. ఆ రాత్రి విఫలమైనచో మరునాటి రాత్రికి భయము తోడగును. భయమువలన రక్తములో చేరు అడ్రినలిన్ రక్తనాళములను బిగించును. బిగింపువలన మరల వైఫల్యము. ఈ చక్రమునకు తిరుగుటకు సెలవుదినములు చాలును, తెగుటకు చాలవు. అతడు మరల విమానమెక్కును. తనలో లోపమున్నదను నిశ్చయము మాత్రము అతనితో వచ్చును. ఫోనులో మాటలు తగ్గును. భార్య దానిని వేరు విధముగా అర్థము చేసికొనును. ఎన్నో కాపురములలో అపోహలు ఇట్లే మొలకెత్తినవి.

అయితే వైద్యునికి శరీరకారణమును మనఃకారణమును వేరుచేయుటకు తేలికయైన ఆనవాళ్లు కలవు. తెల్లవారుజామున నిద్రలోనుండి లేచునప్పుడు స్తంభనము యథాప్రకారముగ నున్నదా? లోపము ఒక్కసారిగ వచ్చినదా, మెల్లమెల్లగ పెరిగినదా? కొన్ని సందర్భములలోనే కలుగుచున్నదా, ఎల్లప్పుడునా? ఉదయమున సక్రమముగ నుండి, హఠాత్తుగ వచ్చి, కొన్నిమార్లే కలుగునది చాలవరకు మనస్సునకు సంబంధించినది. నెలల తరబడి మెల్లగ పెరిగి, ఉదయమునను లేకపోయినచో రక్తనాళములను, నరములను, హార్మోనును పరీక్షింపవలెను. పెక్కుమందిలో రెండును కలిసియుండును. ‘భార్యకు దూరముగ నుండుటవలన వచ్చినదిలే’ అని తేల్చివేయుట ప్రవాసులు తమకు తాము చేసికొను పెద్ద అన్యాయమని నా అభిప్రాయము. ఏలయన ఆ మాటచేత షుగరు పరీక్ష మరొక రెండు సంవత్సరములు వాయిదాపడును.

ఈ మౌనమును పెట్టుబడిగ చేసికొన్న వ్యాపారము మన రాష్ట్రములలో గోడలమీదను, బస్టాండులలోను, ఇప్పుడు ఫోను తెరలమీదను వర్ధిల్లుచున్నది. రతిశక్తిని పెంచునని మందులకు ప్రకటన చేయుటను భారతదేశమున 1954వ సంవత్సరపు చట్టమే నిషేధించినది. నపుంసకత్వమును పోగొట్టుదుమని ఏ మందుకును చెప్పుకొనరాదని ఔషధ నియమావళి షెడ్యూలు ‘జె’ శాసించుచున్నది. అయినను స్వదేశమునుండి పొట్లములు సంచులలో ప్రవాసమునకు చేరుచునే యున్నవి. మూలికలని అమ్మబడు ఇట్టి చూర్ణములలో రహస్యముగ సిల్డెనఫిల్ కలిపినట్లు అనేక దేశముల ఔషధ నియంత్రణ శాఖలు మాటిమాటికి పట్టుకొన్నవి. గుండెనొప్పికి నాలుకక్రింద పెట్టుకొను నైట్రేట్ మాత్రలు వాడువాడు తెలియక ఆ చూర్ణము మ్రింగినచో రక్తపోటు ఒక్కసారి పడిపోయి ప్రాణము పోవచ్చును. ఈ అంధకారమున తెలుగు పాఠకులకు తిన్నగ మాటలాడినవారు లేకపోలేదు. విజయవాడ వైద్యులు డాక్టర్ సమరముగారు ‘స్వాతి’ వారపత్రికలో దీర్ఘకాలము పాఠకుల ప్రశ్నలకు సంకోచములేని భాషలో సమాధానము లిచ్చిరి. ఒక తరము తెలుగువారు ఈ విషయములను మొదట అచ్చులో చదివినది అట్టి శీర్షికలలోనే.

చికిత్సను గూర్చి సంగ్రహముగ చెప్పిన చాలును. అది వైద్యుని పని. మొదటిది జీవనవిధానము. 2004లో ఇటలీలో స్థూలకాయులపై జరిగిన పరిశోధనలో ఆహారమును సరిదిద్దుకొని, వ్యాయామము చేసి బరువు తగ్గినవారిలో దాదాపు మూడింట ఒకవంతు మందికి రెండేండ్లలో మందు లేకయే సామర్థ్యము తిరిగివచ్చినది. పొగత్రాగుట మానుట, చక్కెరను అదుపులో నుంచుట దీనిలోనివే. రెండవది మాత్రలు. సిల్డెనఫిల్‌ను సుమారు గంట ముందుగ వేసికొనవలెను. నేతిబిర్యానీ తిన్న వెంటనే వేసికొన్నచో ఆలస్యముగ, అరకొరగ పనిచేయును. కోరిక లేనిచో అది తనంత తాను స్తంభనమును కలిగింపదు. ఒక్కసారి వేసికొని ఫలితము లేదని పారవేయువారు చాలమంది. సరియైన మోతాదులో ఆరేడు మార్లు ప్రయత్నించిన పిమ్మటగాని మందు పనిచేయలేదని తీర్మానింపరాదు. టాడలాఫిల్ అను మరొక మాత్ర ప్రభావము ఒకటిన్నర దినమువరకు నుండును. నైట్రేట్లు వాడువారికి ఈ రెండును విషతుల్యములు. నాలుగు గంటలు దాటిన స్తంభనము అత్యవసర చికిత్సను కోరును. హార్మోను తక్కువని ఉదయపు రక్తపరీక్షలో రెండుమార్లు రుజువైనవారికే హార్మోను చికిత్స. మాత్రలు పనిచేయనివారికి వాక్యూమ్ పరికరము, సూది, చివరకు శస్త్రచికిత్స కలవు. మనఃకారణము ప్రధానమైనచో మనోవైద్యుని సలహా. దానికి భార్యయు తోడైనచో ఫలము మెండు.

ఖతార్‌లో ఈ సహాయము ఎచ్చట లభించును? కార్మికులకై ఖతార్ రెడ్ క్రెసెంట్ నిర్వహణలో ఇండస్ట్రియల్ ఏరియాలో హిమైలా, మరియు మెసైమీర్, ఫరీజ్ అబ్దుల్ అజీజ్, జిక్రీత్ ఆరోగ్యకేంద్రములున్నవి. కుటుంబములతో నుండువారికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు. జలుబునకు పోవు ఆ గదికే దీనికిని పోవలెను. అచ్చటి వైద్యుడు రక్తపోటు, చక్కెర, కొవ్వు చూచి, అవసరమైనచో హమద్ మెడికల్ కార్పొరేషన్‌లోని యూరాలజీ విభాగమునకు పంపును. పురుషారోగ్య వైద్యమున, పరిశోధనయందును ఆ సంస్థకు మంచి పేరున్నది. వైద్యసిబ్బందిలో హిందీ, మలయాళము మాటలాడువారు తరచుగ కనబడుదురు. ఉర్దూ హిందీలు కొంత వచ్చిన మన తెలంగాణ, రాయలసీమ సోదరులకు భాష అంత అడ్డు కాదు. ‘డాక్టర్ సాబ్, ప్రైవేట్ బాత్ హై’ అన్న కొద్ది మాటలు తలుపు తెరచుటకు చాలును. ఇంకొక భయము పెక్కుమందిని బాధించుచున్నది: ఈ సంగతి కంపెనీకి తెలిసినచో పంపివేయుదురేమో యని. నివాస అనుమతికై మెడికల్ కమిషన్ చేయు పరీక్షలు క్షయ, హెచ్.ఐ.వి., హెపటైటిస్ వంటి సాంక్రామిక వ్యాధులకు సంబంధించినవి. స్తంభనలోపము ఆ లెక్కలో లేదు, దానివలన వీసాకు హాని లేదు. మనస్సు కలత హెచ్చినవారికి 16000 అను సంఖ్యకు ఫోను చేసినచో మానసిక ఆరోగ్య సహాయము లభించును.

దోహాలో మన తెలుగు సంఘములు ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ వేడుకలను ఎంతో శ్రద్ధతో జరుపుచున్నవి. భారత రాయబార కార్యాలయపు ఆధ్వర్యమున 1984లో వెలసిన ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరము కార్మికులకు వైద్యశిబిరములు నడుపుచున్నది. ఆ శిబిరములలో రక్తపోటు చూతురు, చక్కెర చూతురు. వరుసలో నిలుచున్న పురుషుని చాటునకు పిలిచి, ‘అన్నా, సంసారములో ఏమైన ఇబ్బంది ఉన్నదా?’ అని తెలుగులో అడుగు వైద్యుడొకడు, లేక వాలంటీరొకడు ఉండిన బాగుండునని నా ప్రార్థన. అడుగనిదే చెప్పని వ్యాధి ఇది. సెలవుపై వచ్చు భర్తను నిందింపక, అనుమానింపక, అతనితోకూడ ఆసుపత్రికి పోవుట భార్య చేయగల మేలు. ఇది చదువుచున్న ప్రవాస సోదరులారా, మూడు మాసములుగ ఈ బాధ మీకున్నచో వచ్చు సెలవువరకు ఆగవలదు. ఈ వారముననే హెల్త్ కార్డు చేతబట్టుకొని మీ కేంద్రమునకు పోయి, ముందుగా చక్కెరను, రక్తపోటును చూపించుకొనుడు.